జొన్నకు ఆదివారం తెలియదు

తెల్లవారుజామున అయిదు నలభైకి నా మోచేతికి తడి ముక్కు తగులుతుంది. సోమవారం తగిలినట్టే ఆదివారమూ తగులుతుంది. ‘రేపు తొమ్మిది దాటితే తప్ప నన్ను లేపొద్దు’ అని శనివారం రాత్రి ఇంటిల్లిపాదికీ చాటింపు వేసి మరీ పడుకున్నాను. ఇంట్లో మనుషులంతా విన్నారు. నాలుక్కాళ్ల ప్రాణి మాత్రం వినలేదు. ముక్కు రెండోసారి తగిలింది. మూడోసారికి పాదం వస్తుంది. దానికీ కదలకపోతే మంచం పక్కన కూర్చుని, కుక్కర్ కూత వేయబోయే ముందు చేసే చప్పుడులాంటిది సన్నగా మొదలుపెడుతుంది. ఆ చప్పుడుకి నిద్రపోగలిగిన మనిషిని నేనింతవరకూ చూడలేదు.

జొన్న మా కుక్క. నాలుగేళ్ల కిందట ముసురు పట్టిన ఓ రాత్రి, మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో కరెంటు మీటర్ల కింద దొరికింది. అప్పుడు రెండు అరచేతుల్లో పట్టేది. ఇప్పుడు పద్దెనిమిది కిలోలు. ఒంటి రంగు బాగా కాలిన జొన్నరొట్టెది. ఏ జాతి అని అడిగితే ‘మల్కాజిగిరి’ అంటాను. కొందరు సీరియస్‌గా తలూపి, ‘మంచి బ్రీడ్ అండీ’ అంటారు.

పేరు దగ్గర ఇంట్లో చాలా గొడవైంది. తెలుగువాళ్ల కుక్కల్లో తెలుగు పేరున్నవి ఎన్ని? టామీ, జిమ్మీ, సీజర్, టైగర్, ఈమధ్య బ్రూనో. పేరు సంగతి అలా ఉంచండి, వాటితో మాట్లాడే భాష చూడండి. మా అమ్మ ఆకివీడు నుంచి వస్తే మనవరాలితో ఒక్క ఇంగ్లీషు ముక్క మాట్లాడదు. జొన్న కనిపించగానే మాత్రం ‘సిట్, సిట్! నో, నో!’ అంటుంది. కుక్కకు తెలుగు రాదని ఎవరు చెప్పారో ఆవిడకి! కానీ జొన్నను చూసిన మొదటిరోజే, ‘ఒరేయ్, ఇది మన జొనంగిలా ఉందిరా’ అని తేల్చేసింది. కొల్లేటి బాతుల వాళ్ల వెంట తిరిగే జొనంగి కుక్కలు అమ్మ చిన్నప్పటి నేస్తాలు. పొట్టి వెంట్రుక, ముఖాన ముడతలు. మామూలు కుక్కలా మొరగవు, రాగం తీసినట్టు కూస్తాయి. మా జొన్నలో జొనంగి రక్తం చుక్కయినా లేదని నాకు తెలుసు. అమ్మ ఒప్పుకోదు. ఆవిడ లెక్కలో మంచి కుక్క ఏదైనా కొల్లేటిదే.

ఇది ఏప్రిల్ చివరి ఆదివారం సంగతి. ఫ్రిజ్ తలుపు మీద మా ఆవిడ రాసి అంటించిన కాగితం ఉంది. బట్టలు రెండు వాయిలు. కూలర్ గడ్డి మార్చడం. ఫ్యాన్ రెక్కలు. రైతుబజార్. మామిడికాయలు, ముక్కలు కొట్టించాలి. జొన్నకు స్నానం. దుప్పట్లు. ఆవకాయ. ఇస్త్రీకి ఇచ్చినవి తేవడం. చివర మా అమ్మాయి చేతిరాతలో ఓ వాక్యం: ‘నాన్న రెస్ట్, 4 నుంచి 4.30’.

వాసన చూసే పని

కుక్కకు పనీ లేదు, నిదానంగా నడకా లేదు అంటుంది సామెత. ఆ సామెత కట్టినవాళ్లు వీధిలో తిరిగే కుక్కను దూరం నుంచి చూసి ఉంటారు. బెల్టు చేత్తో పట్టుకుని దాని వెనక నడిచి ఉండరు. జొన్నకు బోలెడంత పని. మా గేటు నుంచి మలుపులో కానుగ చెట్టు దాకా రెండు వందల మీటర్లు కూడా ఉండదు. మాకు పాతిక నిమిషాలు పడుతుంది. కరెంటు స్తంభం దగ్గర ఆగాలి. పాల బూత్ మెట్టు, ఆగి ఉన్న ఆటో వెనక చక్రం చూడాలి. రాత్రి ఎవరో పారేసిన చికెన్ కవరు దగ్గర ఆగాలని దానికి, ఆపకూడదని నాకు. మన ముక్కులో వాసన పట్టే గ్రాహకాలు 50, 60 లక్షలుంటే కుక్క ముక్కులో 20 కోట్లకు పైనే. మనం వీధిని కళ్లతో చూస్తాం. అది ముక్కుతో చూస్తుంది. నిన్న రాత్రి ఎవరు వచ్చారు, ఎటు పోయారు, ఆడా మగా, అన్నీ ఆ స్తంభం మొదట్లోనే ఉంటాయి.

మొదటి ఏడాది నేను ఈ ఆగడాలు సహించలేదు. నడకంటే నడకే. గడియారం చూసుకుంటూ లాక్కుపోయేవాణ్ని. ఇంటికొచ్చాక అది చెప్పులు కొరికేది. వాసన చూడనివ్వని నడక కుక్కకు నడకే కాదని ఒక పశువైద్యుడు చెప్పాక తాడు వదులు చేశాను. చెప్పులు బతికాయి.

ఎడమ జేబులో పాత పేపరు ముక్కలుంటాయి, ఎత్తిపోయడానికి. అందరూ తెచ్చుకోరు, తెచ్చుకోవాలి. రాసేవాణ్ని కాబట్టి అనుభవంతో చెబుతున్నాను, ఈ పనికి దినపత్రిక కాగితం కన్నా ఆదివారం అనుబంధం కాగితమే నయం. కాస్త మందంగా ఉంటుంది. మీరు చదువుతున్న ఈ ముఖచిత్ర కథనానికి వచ్చే ఆదివారం అదే గతి. నాకేం బాధ లేదు.

పొద్దున్నే మా వీధిలో కుక్కలను తిప్పేవాళ్లం ఏడుగురం. ఆరుగురు మగవాళ్లం, ఒక్క ఆవిడ. ఒకరి పేర్లు ఒకరికి తెలియవు. ‘బ్రూనో వాళ్ల నాన్న’, ‘స్వీటీ అంకుల్’. నన్ను ‘జొన్న డాడీ’ అంటారు. ఏడుగురిలో ఆరుగురు మగవాళ్లెందుకన్నది నాకు చాలాకాలం తట్టలేదు. ఇంటి పనుల్లో మగవాడు వంతు కోసం పోటీపడేది ఈ ఒక్కదానికే. గిన్నెలు తోమడం, దుప్పట్లు మడవడం గోడల మధ్య జరుగుతాయి. కుక్కను తిప్పడం గడప దాటి, నలుగురూ చూస్తుండగా జరుగుతుంది. పైగా వాకింగ్ చేసిన పుణ్యం కూడా దక్కుతుంది. నేను ఇందులో మినహాయింపు కాదు.

మలుపు దాటాక రేషన్ షాపు దగ్గర మూడు వీధికుక్కల రాజ్యం మొదలవుతుంది. జొన్న పుట్టింది వాటి మధ్యే. నాలుగేళ్లు పరుపు మీద పడుకున్నందుకు ఇప్పుడది పరాయిది. అవి సరిహద్దు దగ్గర నిలబడి గుర్రుమంటాయి. నేను జొన్నను దగ్గరికి లాక్కుని ఎదుటి పేవ్‌మెంటు పట్టుకుంటాను. మా కింది ఫ్లాట్ పెద్దావిడకు ఆ మూడింటికీ, జొన్నకూ తేడా లేదు. లిఫ్టులో మమ్మల్ని చూస్తే మెట్లెక్కుతుంది. ఆమె భయాన్ని వెటకారం చేసేవాళ్లు మా వాట్సాప్ గ్రూపులో ఉన్నారు. నేను చేయను. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో, తండ్రి పనిచేసే చోటికి వెంట వెళ్లిన నాలుగేళ్ల పిల్లాణ్ని వీధికుక్కలు చంపేశాయి. అదీ ఓ ఆదివారమే. ఆ సీసీ కెమెరా దృశ్యం చూసినవాళ్లెవరూ మరిచిపోలేరు. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ ప్రాంతపు వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమంది. 22వ తేదీకల్లా ఆ ఉత్తర్వును సవరించింది. కుటుంబ నియంత్రణ ఆపరేషన్, టీకా అయ్యాక ఎక్కడివి అక్కడే వదలాలని, రేబిస్ ఉన్నవాటిని, మీదపడేవాటిని మాత్రం వదలొద్దని, తిండి పెట్టేందుకు విడిగా చోట్లు చూపించాలని చెప్పింది. ఆ పదకొండు రోజులూ మా గ్రూపులో జరిగిన యుద్ధం అసెంబ్లీలో కూడా జరగదు. నేను లిఫ్టు విషయంలో ఒక పద్ధతి పెట్టుకున్నాను. పెద్దావిడ ముందు ఎక్కుతుంది. మేం తర్వాతిదానికి ఆగుతాం. జొన్న ఆ కాస్తసేపు చెప్పుల స్టాండు వాసన చూస్తుంది.

ఏడుంబావుకల్లా ఇల్లు చేరాలి. ఏప్రిల్లో అదే గడువు. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, ఆ కాస్తా అరికాళ్లలోనే. ఒంటి వేడి తగ్గించుకోవడానికి దానికున్న దారి నాలుక బయటపెట్టి రొప్పడమే. చెప్పుల్లేని ఆ కాళ్లతో అది కాగిన తారు మీద నడవాలి. మీ అరచేతి వెనకవైపు రోడ్డుకు ఆనించి ఏడు అంకెలు లెక్కపెట్టలేకపోతే కుక్కను ఆ రోడ్డు మీదికి దించకూడదు. పగలు పదకొండింటికి స్టీలు గొలుసు కట్టి, ఏసీ కారు దిగి పగ్‌ను తిప్పేవాళ్లు కనిపిస్తుంటారు. చప్పిడి ముక్కు జాతులకు ఊపిరి తీయడమే కష్టం. వాళ్లకు చెప్పి లాభం లేదని తెలిసీ చెబుతుంటాను.

289, 88

వాషింగ్ మెషిన్లో మొదటి వాయి వేసేసరికి, ఇంటిపని ఎవరెంత చేస్తున్నారన్న పాత తగాదా మళ్లీ లేచింది. ఈసారి కారణం మా అమ్మాయి. ఇంటర్ మొదటి ఏడాది పరీక్షలు అయిపోయి చేతులు ఖాళీగా ఉన్నాయి దానికి. జాతీయ గణాంక కార్యాలయం వాళ్ల టైం యూజ్ సర్వే గురించి ఎక్కడో చదివింది. మనుషులు రోజంతా ఏం చేస్తున్నారో తెల్లవారుజామున నాలుగు నుంచి మర్నాడు నాలుగు దాకా, అరగంట అరగంటకీ రాసుకునే సర్వే అది. 2024 లెక్కల్లో, జీతం రాని ఇంటిపని చేస్తున్న ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు దానికి పెడుతున్నారు. ఆ పని చేసే మగవాళ్లు పెట్టేది 88 నిమిషాలు. చేసేవాళ్ల సగటే ఇది. అసలు చేయి వేసే మగవాళ్లే వందకు 27 మంది. 2019 సర్వేలో ఆ 289 స్థానంలో 299 ఉంది. అయిదేళ్లలో తగ్గింది పది నిమిషాలు. మగవాళ్ల 97 కూడా 88కి దిగింది. అంటే ఆడవాళ్లకు తగ్గిన పది నిమిషాలు మన నెత్తిన పడలేదన్నమాట. కుక్కర్ నెత్తినో, మెషిన్ నెత్తినో పడి ఉంటాయి.

‘ఇవాళ మన ముగ్గురికీ ఇదే పట్టిక’ అంది మా అమ్మాయి, స్కేలుతో గీతలు కొడుతూ.

‘జొన్నను తిప్పిన గంటంబావు నా ఖాతాలో వెయ్యి’ అన్నాను.

‘అది వాకింగు. ఆరోగ్యం కింద వస్తుంది’ అంది మా ఆవిడ వంటింట్లోంచి.

నేను ఊరుకోలేదు. ఆ సర్వేకు ఆధారం ఐక్యరాజ్యసమితి వర్గీకరణ, 2016 నాటిది. దాంట్లో జీతంలేని ఇంటిపనుల కింద వంట, శుభ్రం చేయడం, బట్టలు, బజారు వరసలోనే పెంపుడు జంతువుల సంరక్షణకూ ఒక విభాగం ఉంది. ఫోన్లో వెతికి చూపించాను. జీవితంలో మొదటిసారి ఐక్యరాజ్యసమితి నా పక్షాన నిలబడింది.

మా ఆవిడ చదివింది. కళ్లజోడు తీసి, ‘బాగుంది. మరి దాని గిన్నె కడిగేదెవరు? టీకా తేదీ గుర్తుపెట్టుకునేదెవరు? అన్నంలో పెరుగు కలపాలా, గుడ్డు వేయాలా అని రోజూ ఆలోచించేదెవరు?’ అంది. అమ్మాయి పెన్సిల్ పట్టుకుని నా వంక చూసింది. ఆలోచించడాన్ని ఏ గడిలో వేయాలో దానికీ తెలియలేదు.

ఫ్యాన్ రెక్కలు తుడవడం గురించి ఎక్కువ చెప్పను. పాత దిండు గలీబులోకి రెక్క దూర్చి లాగితే దుమ్మంతా అందులోనే పడుతుంది, మంచం మీద పడదు. ఇన్నేళ్ల గృహస్థ జీవితంలో నేను కనిపెట్టానని చెప్పుకోగలిగింది అదొక్కటే. అది కూడా ఎవరో చెబితే విన్నదే. కూలర్ గడ్డి మార్చాను. చేతులు దురద పెట్టాయి.

ఐతారం

రెండు వాయిల బట్టలు ఆరేస్తుంటే నాకు మా పనావిడ గుర్తొచ్చింది. గుర్తురావడం ఏమిటి, ఆవిడ లేకపోబట్టే కదా ఈ హడావుడి. జనగామ వైపు మనిషి. పదేళ్లుగా మా బ్లాకులో నాలుగిళ్లు చేస్తుంది. కిందటేడు ఒకరోజు చెప్పేసింది, ఇకమీదట ఆదివారాలు రానని. మా ఆవిడ వెంటనే సరేనంది. నేనే, ‘అయ్యో అక్కా, ఆదివారమే కదా మాకు పని ఎక్కువ’ అని నసిగాను.

‘మా ఇంట్ల గూడ ఐతారమే గద సారూ’ అంది. ‘మా ఇంట్ల బట్టలు ఎవరు ఉతుకుతరు?’

నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

అసలు మనకు ఆదివారం ఎలా వచ్చింది? దొరలిచ్చిన సెలవు అనుకుంటాం. దొరల ఆఫీసుల వరకు అది నిజం. బొంబాయి బట్టల మిల్లుల్లో మన కూలీలకు మాత్రం వారంలో ఏ రోజూ సెలవుండేది కాదు. మిల్లులో స్టోర్‌కీపర్‌గా పనిచేసిన నారాయణ్ మేఘాజీ లోఖండే దీని మీద పోరాటం మొదలుపెట్టాడు. జ్యోతిరావు ఫూలే అనుచరుడు, ‘దీనబంధు’ పత్రిక సంపాదకుడు. 1884లో 5,500 మంది కార్మికుల సంతకాలతో ఆయన నడిపించిన అర్జీలో మొదటి కోరిక ఆదివారం సెలవు. ఆరేళ్లు గడిచాయి. 1890 ఏప్రిల్ 24న మహాలక్ష్మి దగ్గర మైదానంలో పదివేల మంది కూలీలు చేరారు. ఆ సభలో ఇద్దరు ఆడకూలీలు లేచి మాట్లాడారు. ఆ ఏడు జూన్ 10న మిల్లు యజమానులు ఒప్పుకున్నారు. 2005లో ఆయన బొమ్మతో తపాలా బిళ్ల వచ్చింది. నేను ఆగి ఆలోచించేది ఆ ఇద్దరు ఆడవాళ్ల గురించి. జూన్ 10 తర్వాత వచ్చిన మొదటి ఆదివారం వాళ్లు ఏం చేసి ఉంటారు? నేను పందెం కడతాను, బట్టలే ఉతికి ఉంటారు.

ఆదివారమే ఎందుకు కావాలన్నారంటే, చెప్పిన కారణాల్లో ఒకటి అది ఖండోబా వారమని అంటారు. ఈ ముక్క మా పనావిడకు చెబితే ఆశ్చర్యపోలేదు. ‘ఖండోబా అంటే మా మల్లన్ననే గద’ అంది. నిజమే. జేజురిలో ఖండోబా, కన్నడ సీమలో మైలార లింగం, ఇక్కడ కొమురవెల్లి మల్లన్న, అంతా ఒకే వంశం. అక్కడ చల్లే పసుపు భండారా, ఇక్కడ బండారు. అక్కడ ఇద్దరు భార్యలు, ఇక్కడ బలిజ మేడలమ్మ, గొల్ల కేతమ్మ. సంక్రాంతి దాటాక ఆదివారం నుంచి ఉగాది ముందు ఆదివారం దాకా కొమురవెల్లికి జనం పోతూనే ఉంటారు. మా పనావిడ ఏడాదికోసారి బోనం ఎత్తుతుంది. ఆ వారం ఎవరింటికీ రాదు. ఎవరూ అడగరు.

ఇక అసలు విషయం. ఖండోబా గుర్రం మీద వెళ్తుంటే పక్కన ఒకటి పరుగెడుతూ ఉంటుంది, కుక్క. ఆ దేవుడికి కుక్క ఎంత దగ్గరిదంటే, మైలార భక్తులైన గొరవయ్యలు తమను ఆ స్వామి కుక్కలుగా చెప్పుకుని, కుక్కల్లా మొరుగుతూ మొక్కు తీర్చుకుంటారు. ఓరుగల్లు వీధుల్లో మైలార భటుల సాహసాలు ‘క్రీడాభిరామం’ నాటికే ఉన్నాయి. ఈ దేశంలో కూలివాడికి ఆదివారం సెలవు తెచ్చిపెట్టినవాళ్లలో కుక్కను వెంటేసుకు తిరిగే ఒక దేవుడు ఉన్నాడన్నమాట. అయిదు నలభైకి లేపినప్పుడు జొన్నకు ఈ కథ చెప్పి చూడాలి, మీ స్వామి సెలవన్నాడని.

తడి, పొడి

రైతుబజారుకి వెళ్లేసరికి పది దాటింది. 1999 జనవరిలో మొదలైన ఈ బజార్లు అప్పట్నించీ ఆదివారం పొద్దున ఒకేలా ఉంటాయి. సంచి పట్టుకున్న రిటైరైన మాస్టార్లు, హెల్మెట్‌ తీయకుండానే బెండకాయలు విరిచి చూసే కుర్రాళ్లు. ఆవకాయకు మా అమ్మ కొత్తపల్లి కొబ్బరి కాయ తప్ప ఒప్పుకోదు. ఇక్కడ దొరికింది జలాలు. పుల్లగా, గట్టిగా, పీచు బాగానే ఉంది. పాతిక కాయలు. పెద్ద కత్తి పెట్టుకుని కూర్చున్న అతను ఒక్కో కాయనూ ఒక్క దెబ్బకు రెండుగా, రెండిటిని నాలుగుగా చీలుస్తుంటే చూడటం నాకు చిన్నప్పట్నించీ ఇష్టం. ప్రతి ముక్కకూ టెంక అంటి ఉండాలి, టెంక ఊడిన ముక్క జాడీలో మెత్తబడిపోతుంది.

ఇంటికొచ్చి ముక్కల్లోంచి జీడి తీసి, లోపలి పల్చటి పొర గీకి, ఒక్కో ముక్కా పొడిగుడ్డతో తుడిచి, హాల్లో పాత పంచె మీద పరిచాం. పైన ఇందాక నేను తుడిచిన ఫ్యాన్. ఒక్క చుక్క తడి తగిలినా ఏడాది ఆవకాయ బూజు పడుతుంది. ఇది మా ఇంట్లో రాజ్యాంగం. కారం, ఉప్పు, ఆవగుండ పళ్లేల్లో ఆరుతున్నాయి. పప్పునూనె డబ్బా తెరిచి ఉంది. వెల్లుల్లి ఒలిచి పై అరలో పెట్టాం. ఉల్లి, వెల్లుల్లి కుక్కలకు విషంతో సమానం కాబట్టి ఆ జాగ్రత్త తీసుకున్నాం. ఆ ఒక్క జాగ్రత్తే తీసుకున్నాం.

ముక్కలు ఆరేలోపు జొన్న స్నానం కానిచ్చేద్దామన్న ఆలోచన నాదే. సమయం కలిసొస్తుందని. స్నానాల గదిలోకి దాన్ని తీసుకెళ్లడం అంటే, పెళ్లికి ఇష్టంలేని పిల్లను పీటల మీదికి తేవడం. నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులా తన్ని నిలబడుతుంది. ఎత్తుకోవాల్సిందే. గోరువెచ్చటి నీళ్లు, దాని షాంపూ. ఏప్రిల్, మే నెలల్లో పిడుదులు ఎక్కువ. చెవి మడతలో ఒకటి, కాలివేళ్ల మధ్య రెండు. ఇక్కడివాళ్లు గోమార్లంటారు. పట్టుకారుతో తల దగ్గర పట్టి నిదానంగా లాగాలి. తొందరపడితే తల ఒంట్లోనే ఉండిపోతుంది. రెండేళ్ల కిందట వీటివల్లే జొన్నకు జ్వరమొచ్చి, నాలుగు రోజులు నీళ్లు కూడా ముట్టకుండా పడుకుంది. అప్పట్నించి ఈ పని నేను ఎవరికీ వదలను. మూడింటినీ సబ్బునీళ్ల గ్లాసులో వేశాను.

తువ్వాలు మరిచిపోయాను.

‘తువ్వాలివ్వమ్మా’ అని కేకేశాను. మా అమ్మాయి తలుపు జానెడు తెరిచింది. ఆ జానెడు చాలు. జొన్న దాని మోకాళ్ల మధ్య నుంచి దూసుకుపోయి, హాలు మధ్యలో ఆగింది. పంచె అంచు మీద. కుక్క ఒళ్లు దులుపుకోవడం ఎప్పుడైనా నింపాదిగా చూశారా? మొదట తల. తర్వాత మెడ, భుజాలు. అక్కడినుంచి నడుం దాకా ఒక అల. చివర తోక, కొరడాలా. సెకన్లలో అయిపోతుంది. మాకు మాత్రం ఒక్కో చుక్కా ఎటు పోతోందో కనిపించింది. పైన ఫ్యాన్ తిరుగుతోంది కాబట్టి చుక్కలు ఇంకాస్త దూరం వెళ్లాయి.

ఎవరూ మాట్లాడలేదు. అప్పుడే ఫోన్ మోగింది. ఆకివీడు.

‘ఒరేయ్ నాన్నా, ముక్కలు ఆరబెట్టారా? తడి తగలనివ్వకురోయ్!’

‘లేదమ్మా’ అన్నాను. అంతకన్నా ఏమనాలి? ఈ అనుబంధం ఆకివీడులో కూడా దొరుకుతుంది కాబట్టి ఇవాళ అమ్మకు తెలిసిపోతుంది.

మా ఆవిడ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. కింద కూర్చుని ముక్కల్ని రెండు కుప్పలు చేయడం మొదలుపెట్టింది. జొన్న నిలబడిన వైపువి ఒక కుప్ప, కిటికీ వైపువి ఒక కుప్ప. చూస్తే మూడొంతుల్లో ఒక వంతు పోయింది. ఆ కుప్ప కడిగి ఫ్రిజ్‌లో పెట్టాం. తర్వాత నాలుగు రోజులు మా ఇంట్లో మామిడికాయ పప్పు, మామిడికాయ పులిహోర, మామిడికాయ రొయ్యలు. మిగిలిన ముక్కల్ని ముగ్గురం మళ్లీ ఒక్కొక్కటే తుడిచాం. కారం కొలత, ఉప్పు కొలత, ఆవగుండ కొలత మొత్తం తగ్గించి కలుపుకోవాల్సి వచ్చింది. జొన్న బాల్కనీలో ఎండకు వెల్లకిలా పడుకుని, కాళ్లు గాల్లో పెట్టి నిద్రపోయింది.

జాడీకి గుడ్డ కట్టేసరికి నాలుగు దాటింది. నా రెస్ట్ మొదలవ్వాలి. నాలుగుంబావుకి వాచ్‌మన్ ఇంటర్‌కంలో పిలిచాడు, నీళ్ల ట్యాంకర్ వచ్చింది, అసోసియేషన్ వాళ్లెవరూ లేరు, సంతకం పెట్టమని. దిగాను. ఇస్త్రీ బట్టలు కూడా పనిలో పనిగా తెచ్చాను. పైకొచ్చి సోఫాలో పడ్డాక పదకొండు నిమిషాలు నిద్రపోయానని పట్టికలో ఉంది.

సాయంత్రం ఆరున్నరకు బెల్టు కోసం చెయ్యి చాపితే మేకుకు బెల్టు లేదు. మా ఆవిడ చెప్పులు వేసుకుంటోంది.

‘నేను తీసుకెళ్తాను’ అంది.

‘నీకు వీధికుక్కలంటే...’

‘రేషన్ షాపు దాకా వెళ్లను.’

ఫోన్ టేబుల్ మీదే వదిలి వెళ్లింది. గంట గడిచింది. బాల్కనీలోంచి చూస్తే కానుగ చెట్టు కింద ఇద్దరూ నిలబడి ఉన్నారు. జొన్న చెట్టు మొదట్లో ముక్కు పెట్టి ఉంది. ఈవిడ తాడు వదులుగా పట్టుకుని, ఎటూ చూడకుండా ఊరికే నిలబడి ఉంది. ఆమె అలా ఊరికే నిలబడి ఉండటం నేను ఎన్నాళ్ల కిందట చూశానో గుర్తురాలేదు.

జొన్న గిన్నె సింకులో ఉంది. మధ్యాహ్నం పెరుగన్నం అంటుకుని ఎండిపోయింది. నానబెట్టి తోమాను. మా అమ్మాయి వచ్చి, గడియారం చూసి, నా గడిలో ‘4’ అని రాసింది. అరగంట గడుల సర్వేలో ఇలాంటివి ఎక్కడ కలుస్తాయో నాకు తెలియలేదు. అడగలేదు. ఎనిమిదింటికి వాళ్లిద్దరూ వచ్చారు. ఇద్దరి కాళ్లకూ కానుగ పూలు అంటుకుని ఉన్నాయి. ఎలా ఉంది అంటే, ‘ఊఁ’ అంది మా ఆవిడ, మంచినీళ్ల చెంబు ఎత్తుతూ.

రాత్రి పడుకోబోతుంటే ఆకివీడు నుంచి మళ్లీ ఫోన్. మూడోనాడు జాడీ విప్పి ఆవకాయ తిరగ కలపాలి, స్నానం చేసి, పొడి చేత్తో, తెల్లారగట్ల అయితే మంచిది, మరిచిపోవద్దు. మూడోనాడంటే మంగళవారం. ఆఫీసుంది. అయిదు నలభైకి లేస్తే సరిపోతుంది. లేపడానికి మనిషి అక్కర్లేదు.